మౌన గడువు పదకొండింటి వరకు

ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ భయం చప్పుడు లేకపోవడమంటే. పాప ఏడిస్తే భయం లేదు. మంచం దిగబోయి బోర్లా పడి బావురుమన్నా భయం లేదు. ఆ గొంతు వినిపిస్తున్నంతసేపూ ఊపిరి ఆడుతోందనీ, నోరు ఖాళీగా ఉందనీ, లోకం మీద కోపం ఇంకా మిగిలే ఉందనీ తెలుస్తూ ఉంటుంది. గొంతు ఆగిందా, చేతిలో ఉన్నది ఉన్నచోటే వదిలేసి పరుగెత్తాల్సిందే. పోయిన వారం అలాగే పరుగెత్తింది. ఐదు నిమిషాలుగా ఉలుకూ పలుకూ లేదు, వెళ్ళి చూస్తే పాప బల్ల కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒప్పందం ముసాయిదా రెండో పేజీని నింపాదిగా నములుతోంది. వేలు పెట్టి తీస్తే సగం వచ్చింది, తక్కిన సగం లోపలికి పోయింది. పోయిన సగంలో మూడో అంశం మొత్తం ఉంది. లిఫ్టులు బాగుచేసే మొగుడు సాయంత్రం పని నుంచి వచ్చి సంగతంతా విని, "మీ క్లాసులో ఇంకెవరైనా ఆ ఒప్పందాన్ని ఇంతలా జీర్ణించుకున్నారా?" అని అడిగాడు. పాపకు సైరన్ అని పేరు పెట్టింది అతనే. పద్నాలుగు నెలల్లో ఆ పేరుకు ఒక్కరోజు కూడా మచ్చ రానివ్వలేదు పిల్ల.

ఆ సైరనే ఇప్పుడు ఆమె ఎడమచేతి మీద ఒళ్ళు మరిచి నిద్రపోతోంది, విశ్వవిద్యాలయం రెండో అంతస్తులో, పొడుగాటి వరండాలో, గోడవారగా వేసిన చెక్క బెంచీ మీద. పిల్లల్ని చూసుకునే కేంద్రం టీచరుకు జ్వరమని పొద్దున్నే తలుపుకు కాగితం అంటించారు. మొగుడు అప్పటికే ఏదో ఆఫీసులో తొమ్మిదో అంతస్తు దగ్గర వేలాడుతూ ఉంటాడు. పాపను చంకనేసుకుని రావడం తప్ప దారి లేకపోయింది. వరండా చివర మూసిన తలుపు, ఆ తలుపు వెనక సమావేశం గది, తలుపు ముందు ఒక స్టూలు, స్టూలు మీద చిల్లు ఉన్న చెక్క పెట్టె, పెట్టె పక్కన నీలం చీటీల దొంతర. ఇక్కణ్ణుంచి అక్కడికి నలభై అడుగులు. వచ్చేటప్పుడు లెక్కపెట్టింది, ఆమె అన్నీ లెక్కపెడుతుంది, మెట్లు, పాప ఊపిరులు, గడియారం ముల్లు. పది దాటి పన్నెండు నిమిషాలు. ఇంకా నలభై ఎనిమిది ఉన్నాయి. తడి గుడ్డతో తుడిచిన నేల వాసన, కిటికీలోంచి వచ్చి సరిగ్గా పాప మడమ మీద పడ్డ చిన్న ఎండ ముక్క, ఆ మడమ ఎంత గులాబీగా ఉందంటే, ఇంత బాగున్న మడమ మీదే రేపు ఈ పిల్ల చెప్పులరిగేలా తిరుగుతుంది కదా, ఎక్కడెక్కడ తిరుగుతుందో, ఏ సరిహద్దు దగ్గర ఎవడు ఆపుతాడో.

సరిహద్దులే కదా ఇప్పుడు ఆమె బతుకంతా. అంతర్జాతీయ రాజకీయాల్లో ఎం.ఏ., ఆఖరి ఏడు, ఆఖరి పేపరు. పదకొండు మంది విద్యార్థులకు ఏ పటంలోనూ లేని పదకొండు దేశాలు పంచి, వాటి మధ్య ఒక నది, ఒక రేవు, ఒక పాత తగాదా పెట్టి, కూర్చుని ఒప్పందం రాసుకోండని వదిలేశారు మేడం. మేడం ఒకప్పుడు నిజంగానే అలాంటి బల్లల దగ్గర పాతికేళ్ళు కూర్చుని వచ్చిన మనిషి. నవ్వితే కూడా సమావేశం మినిట్స్‌లో రాసుకోవాలనిపించేలా నవ్వుతారు. నాలుగు నెలలుగా క్లాసులో ఎవరికీ సొంత పేర్లు లేవు. ఎగువ దేశం, దిగువ దేశం, రేవు దేశం, ద్వీపం. "ఏయ్ ద్వీపం, పెన్నివ్వరా", "ఎగువ, నీ టిఫిన్ డబ్బా నా మీదికి కారుతోంది, ఇది ఒప్పందం ఉల్లంఘన" అని అరుచుకుంటారు. ఆమె తీరం లేని దేశం. చుట్టూ పొరుగువాళ్ళు, సముద్రం చూడాలన్నా ఇంకొకరి గడప తొక్కాలి. పేర్లు రాసిన చీటీలు తీసినప్పుడు అదే వచ్చింది, వాళ్ళాయన విని, "నీకు తగ్గ దేశమే వచ్చింది, మా అమ్మ వంటింట్లోకి వెళ్ళాలన్నా నువ్వు గడప బయట నిలబడి అనుమతి కోసం చూస్తావు" అన్నాడు.

ఆ గది లోపల అందరూ ఇప్పుడు పేకముక్కలు పట్టుకునో, బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోతూనో ఉంటారు. ఎందుకంటే ఇవాళ చెయ్యాల్సింది ఏమీ లేదు. అదే ఈ పద్ధతిలో గమ్మత్తు. ఆఖరి ముసాయిదా పదింటికి అందరి చేతుల్లో పెట్టారు. పదకొండు దాకా మౌన గడువు. ఈ గంటలో ఎవరూ నీలం చీటీ రాసి పెట్టెలో వెయ్యకపోతే అందరూ ఒప్పుకున్నట్టే, ఒప్పందం ఖాయం, ఇక ఇళ్ళకు పోవచ్చు. ఎవరైనా ఒక్కరు వేశారా, మౌనం చెదిరినట్టు. వేసినవాళ్ళు లోపలికెళ్ళి అందరి ముందూ నిలబడి ఎందుకో చెప్పాలి. నిజమైన లోకంలో కూడా ఇలాగే చేస్తారట పెద్దపెద్ద దేశాలు. మొదటిసారి క్లాసులో విన్నప్పుడు ఆమెకు నవ్వొచ్చింది, ఇది కొత్తగా కనిపెట్టాలా, మా పుట్టింట్లో ఎప్పుడూ ఉన్నదేగా అని. ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. అంతే, ఆ రోజు నుంచి ఇల్లు ఇల్లు కాదు, అంతర్జాతీయ వేదిక. "పాప గుడ్డ మార్చాల్సింది నువ్వు. పది లెక్కపెట్టేలోగా అభ్యంతరం రాకపోతే ఆమోదించినట్టే" అంటాడు. ఆమె గిన్నెలు తోముతూ వినిపించుకోకపోతే, "ఆమోదం!" అని చప్పట్లు. ఓసారి అతను సోఫాలో కునుకు తీస్తుంటే ఆమె చెవి దగ్గరికెళ్ళి గుసగుసగా నెల రోజుల గుడ్డలు, రెండు వారాల బట్టలు, బాత్రూము అటక సర్దడం, అన్నీ ఒకే తీర్మానంలో నెగ్గించుకుంది. లేచి చూసుకుని లబోదిబోమన్నాడు. పాప గుడ్డ వాసనకు కూడా మెట్లున్నాయి ఇప్పుడు: కొంచెమైతే చింత, ఎక్కువైతే ఆందోళన, తలుపు తీసి బయటికి పరుగెత్తాల్సి వస్తే తీవ్ర ఖండన. గుర్తొచ్చి నవ్వు ఆగలేదు, పొట్ట కదిలింది, పొట్ట మీద పాప కదిలింది, ఆమె నవ్వును గొంతులోనే పట్టి ఆపింది. పది ఇరవై.

నవ్వు బాగానే ఉంది గానీ, ఇంట్లో ఇన్ని తీర్మానాలు నెగ్గించుకునే మనిషి ఆ తలుపు లోపల ఏడాదిన్నరగా ఒక్కసారి నోరు విప్పలేదు. నోట్లో నాలుక లేనిదనుకున్నారు చాలామంది. తక్కినవాళ్ళంతా బడి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇక్కడికి వరస తప్పకుండా వచ్చినవాళ్ళు. ఆమెకు మధ్యలో నాలుగేళ్ళ గొయ్యి. ఆ తర్వాత చదివిందంతా ఇంట్లో కూర్చుని, పుస్తకం ముందేసుకుని, ఒక్కతే. కాబట్టి ఆ పెద్ద మాటలన్నీ ఆమెకు కళ్ళతోనే తెలుసు, చెవితో తెలియదు. రాయమంటే పేజీలు రాస్తుంది. పలకమంటే, ఎక్కడ ఒత్తాలో ఎక్కడ తేల్చాలో, అందరూ తిరిగి చూస్తారేమో, 'ఈవిడ ఎక్కడ చదివింది' అనుకుంటారేమో. పోయిన వారం మేడం పిలిచి, "నీ వ్యాసాలు నేను దాచుకుంటున్నానమ్మా. కానీ ఈ పేపర్లో ఒక్కసారైనా నిలబడి మాట్లాడనివాళ్ళను నేను పాస్ చెయ్యలేను. ఉన్నది ఒక్క సమావేశమే" అన్నారు. ఆమె తలూపింది. తలూపడం ఆమెకు బాగా వచ్చు. ఇంటికెళ్ళే బస్సులో మనసులోనే సర్దేసుకుంది కూడా: పోనీలే, వచ్చే ఏడు చూద్దాం. పాప కూడా కాస్త పెద్దదవుతుంది. వచ్చే ఏడు చూద్దాం. ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనిపించింది గానీ, అంతలో దిగాల్సిన చోటు వచ్చింది.

కుడిచేత్తో ముసాయిదా తీసి పాప వీపు మీద ఆనించింది. శుభ్రమైన కాపీ, ఎవరూ నమలని కాపీ. మొదటి పేజీ కంఠతా వచ్చు. రెండో పేజీ తిప్పింది, పాప తినేసిన మూడో అంశం ఇన్నాళ్ళకు మొదటిసారి కంటబడింది. "సరిహద్దు మూసి ఉన్న కాలంలో, తన ఫోటో ఉన్న గుర్తింపు పత్రం చూపిన ప్రతి వ్యక్తికీ రేవు వైపు దాటడానికి అనుమతి ఉంటుంది. పత్రం లేని వ్యక్తికి ఉండదు." బాగుంది. స్పష్టంగా ఉంది. తన దేశానికి కావలసింది ఇదే కదా, దాటనివ్వడం, నాలుగు నెలలు రేవు దేశానికి ఉత్తరం మీద ఉత్తరం రాసి బతిమాలితే వచ్చింది కదా, పాప వీపు ఊపిరికి పైకీ కిందికీ లేస్తుంటే అక్షరాలు కూడా లేచి పడుతున్నాయి, తన ఫోటో, తన ఫోటో, ఫోటో.

ఫోటో అంటే చాలు ఆ స్టూడియో. పాపకు రెండో నెల. గుర్తింపు కార్డు కావాలి, కార్డుకు ఫోటో కావాలి, ఫోటోకు నిబంధనలు కావాలి: కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, రెండు చెవులూ కనబడాలి, ఇంకెవరి చెయ్యీ పడకూడదు. కళ్ళు తెరిస్తే నోరు తెరుస్తుంది, నోరు మూస్తే కళ్ళు మూస్తుంది. మెడ నిలవని పిల్లను చెయ్యి పడకుండా ఎలా నిలబెట్టడం? చివరికి మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తల మీది నుంచి తెల్ల దుప్పటి కప్పారు, దుప్పటి కింద నుంచి అతను పాపను పట్టుకున్నాడు, బయట నుంచి చూస్తే దెయ్యం ఒళ్ళో పసిబిడ్డ. ఫోటోగ్రాఫరు గిలక ఊపుతూ, "అమ్మా, కాస్త నోరు మూయించండమ్మా" అంటాడు. దుప్పటి లోంచి, "బాబూ, మా వంశంలో ఎవరివల్లా కాలేదు, నీవల్లయితే చెప్పు" అని వినిపించింది. మూడుసార్లు వెళ్ళారు. మూడోసారి పంకా వైపు ఆశ్చర్యంగా చూస్తున్న ఒక్క క్షణం దొరికింది. కార్డు చేతికొచ్చేసరికి మరో ఆరు వారాలు. అప్పటికి ఈ పిల్లకు జుట్టొచ్చింది, బుగ్గలొచ్చాయి, ఆ ఫోటోలో ఉన్నదెవరో వీళ్ళకే తెలియదు. అంటే పుట్టిన దగ్గర నుంచి మూడున్నర నెలలు ఈ పిల్ల దగ్గర ఏ పత్రమూ లేదు. ఏదీ లేదు. ఆ మూడున్నర నెలల్లో సరిహద్దు మూస్తే.

మళ్ళీ చదివింది. ప్రతి వ్యక్తీ తన ఫోటో. తల్లి దగ్గర ఉంటుంది, చూపిస్తుంది, దాటుతుంది. చంకలో బిడ్డ? పత్రం లేని వ్యక్తికి ఉండదు. అంటే తల్లి ఇటు, బిడ్డ అటు. ఎవరు రాశారిది? పదకొండు తలకాయలు, నాలుగు నెలలు, ఇరవై ఆరు సవరణలు, మేడం కూడా ఏమీ అనలేదు, మేడం కావాలనే ఊరుకున్నారా, ఎవరు పట్టుకుంటారో చూద్దామని? ఆ పదిమందికీ ఇరవై రెండేళ్ళు, ఇరవై మూడేళ్ళు, పుట్టినప్పుడే చేతిలో కార్డుతో పుట్టామనుకుంటున్నారు. పిల్లల్ని కన్నది తానొక్కతే. ఆ తానేమో, ఆ పేజీని కూతురికి తినిపించింది.

"తల్లీ, నీది ఏ దేశం?" పక్కన నిలబడి అడుగుతున్నది ఆ అంతస్తు తాళాలన్నీ నడుముకు కట్టుకు తిరిగే పెద్దాయన. ఆయన్ను అందరూ బాబాయ్ అంటారు, మేడం కూడా. "తీరం లేని దేశం బాబాయ్" అంది లోగొంతుకలో. "పాపం. మంచి దేశమేలే" అని పాపను వంగి చూసి, బెంచీ చివర కూర్చున్నాడు, తాళాలు మోగకుండా గుప్పిట్లో పట్టుకుని. "పాతికేళ్ళుగా చూస్తున్నా. ఈ గదిలో ఎన్ని యుద్ధాలు ఆపారో లెక్కలేదు. ఆ మూల కుళాయి మాత్రం కారుతూనే ఉంది." ఆమెకు మళ్ళీ నవ్వొచ్చింది, మళ్ళీ మింగింది. "బాబాయ్, ఆ నీలం చీటీ ఒకటి తెచ్చిపెడతారా?" అనేసింది, అన్నాక తానే బెదిరింది, నేనేనా అడిగింది అని. ఆయన తల అడ్డంగా తిప్పాడు. "నేను ముట్టుకోకూడదమ్మా. ఏ దేశం చీటీ ఆ దేశమే వచ్చి తీసుకోవాలని మేడం రూలు. పోయినేడు ఒకాయనకు అందించానని నా మీద ఆంక్షలు విధించారు." పది ముప్పై మూడు. కాలు తిమ్మిరెక్కింది, ఎడమది, మోకాలి దాకా.

తలుపు సందులోంచి ఎగువ దేశం బయటికొచ్చింది. పొడుగాటి పిల్ల, మాట్లాడితే రేడియో వార్తల్లా ఉంటుంది, ముసాయిదాలో సగం ఆ పిల్ల చేతిదే. చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా వచ్చి పాప ముందు గొంతుక్కూర్చుంది. "అబ్బ, ఎంత ముద్దొస్తోందో అక్కా. లేపనా?" "చంపుతాను." ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వారు. "లోపల అందరూ గడియారమే చూస్తున్నారు. ఎవరూ ఏం వెయ్యట్లేదులే. ఒంటిగంటకి నా రైలు. నువ్వు కూడా ఏం వెయ్యవు కదా?" ఆ పిల్ల అడిగింది ఊరికే, జవాబు తెలిసినవాళ్ళు అడిగినట్టు. ఆమె తల దానంతట అదే ఊగింది. కిందికి, పైకి. ఎగువ దేశం సంతోషంగా పాప మడమను వేలితో ఒక్కసారి తాకి, చెప్పులు పట్టుకుని వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. ఎందుకూపాను? ఎవరూపారు? నా తలేనా ఇది, లేక గాలికి ఊగే కొమ్మా?

ఇంతే, అప్పుడూ ఇంతే. ఆమెకు పదహారేళ్ళు. రాత్రి భోజనాల దగ్గర నలుగురు. నాయనమ్మకు పక్షవాతం వచ్చి నెల. నాన్న చారులో వేలు కడుక్కున్నట్టు కలుపుతూ, తల ఎత్తకుండా, "అమ్మను చూసుకోడానికి ఒక మనిషి కావాలి. చదువుదేముంది, వచ్చే ఏడు చూద్దాం. ఏమంటారు?" అన్నాడు. ఏమంటారు అని అడిగాడు, నిజమే, అన్యాయంగా చెప్పకూడదు, అడిగాడు. అమ్మ పొయ్యి వైపు చూసింది. అన్నయ్య మంచినీళ్ళు తాగాడు, చాలాసేపు తాగాడు. ఆమె కంచం వైపు చూసింది, దాని అంచుకు ఒక చిన్న సొట్ట ఉండేది, ఇప్పటికీ గీసి చూపించగలదు ఆ సొట్ట. ఎవరూ ఏమీ అనలేదు. నాన్న పెరుగు వేసుకున్నాడు. ఆమోదం. వచ్చే ఏడు అన్నది నాలుగుసార్లు వచ్చింది. అందులో ఎవరూ చెడ్డవాళ్ళు లేరు, అదే చిత్రం. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని నలుగురూ ఎదురుచూశారంతే.

కానీ ఆ నాలుగేళ్ళను గొయ్యి అనడం కూడా తప్పే, ఆ గోతిలోనే కదా ఈ చదువు దొరికింది. నాయనమ్మకు మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. మిగిలింది ఎడమచెయ్యి, ఆ చేతిలో ఒక చెంచా, మంచం పక్కన స్టీలు గ్లాసు. ఒకటి కొడితే నీళ్ళు. రెండు కొడితే పక్కకు తిప్పు. ఆగకుండా కొడితే నాకు కోపమొచ్చింది. పొద్దుపోక పేపరు చదివి వినిపించేది ఆమె. పెళ్ళిళ్ళ కబుర్లు చదివితే నాయనమ్మ కళ్ళు మూసుకునేది, ధరలు చదివితే గోడ వైపు తిరిగేది. ఓ రోజు పొరపాటున విదేశాల పేజీ చదివింది, ఎక్కడో రెండు దేశాలు ఒక కొండ కోసం కొట్టుకుంటున్నాయి. నాయనమ్మ కళ్ళు ఇంతయ్యాయి. మర్నాడు ఆ పేజీ వదిలేసి సినిమాలు మొదలెడితే గ్లాసు మోత. బస్టాండు దాటి ఎప్పుడూ వెళ్ళని మనిషికి ఆ కొండ ఏమయిందో కావాలి! పక్కింటి గొడవైతే వెళ్ళి సర్దిచెప్పాలి, దూరపు గొడవైతే హాయిగా వినొచ్చనేమో. కొండ ఎవరిదో తెలుసుకోవడానికి పాత పేపర్లు తిరగేసింది ఆమె, పటం కొంది, పటం చాలక పుస్తకాలు తెచ్చుకుంది. ఇద్దరాడవాళ్ళు, ఒకరికి మాట లేదు, ఒకరికి బడి లేదు, మంచం మీద ప్రపంచమంతా పరుచుకుని కూర్చునేవాళ్ళు. అంత సంతోషంగా ఆమె అంతకుముందు ఏ బడిలోనూ లేదు. నాలుగో ఏడు, ప్రైవేటుగా పరీక్షకు కట్టనా అని ఆమె గొణిగింది, నాన్న, "ఇప్పుడింకెందుకమ్మా, చూద్దాంలే" అన్నాడు. అంతే. టంగ్. టంగ్ టంగ్ టంగ్ టంగ్. నాన్న గది దాటినా ఆగలేదు. అమ్మ వెళ్ళి పట్టుకోబోయినా ఆగలేదు. పక్కవాటా వాళ్ళు తొంగిచూసినా ఆగలేదు. చివరికి నాన్న చెవులు మూసుకుని, "సరేనమ్మా, సరే, రాయనీ, నీకు దణ్ణం పెడతాను" అన్నాక, చెంచా గ్లాసులో పెట్టి, మూతి సగమే కదిలే ఆ మొహంతో నవ్వింది నాయనమ్మ. ఇంట్లో మాట పోయిన మనిషి ఒక్కతే ఆ రోజు మాట్లాడింది.

పది నలభై ఏడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, అడగడానికి ముందు పెన్ను కావాలి. పెన్ను సంచిలో ఉంది, సంచి పాప తల కింద ఉంది. ఇక చూడండి ఆమె పడ్డ పాట్లు. రెండు వేళ్ళు సంచి మూతిలోకి పంపింది, తేనెపట్టులోకి పంపినట్టు. తడి రుమాలు. కాదు. బిస్కెట్టు పొడి. కాదు. చల్లగా, పొడుగ్గా, ఇదే, మెల్లగా లాగితే, చెంచా. పాప చెంచా. అది లేకుండా ఈ పిల్ల గడప దాటదు, అన్నానికి కాదు, మోగించడానికి. చెంచాను ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ వేళ్ళు పంపింది. పాప పెదాలు చప్పరించింది. ఆమె ఊపిరి బిగపట్టింది, బాబాయ్ కూడా బిగపట్టాడు. పెన్ను దొరికింది. ఇక లేవడం. పాపను భుజం మీదికి జార్చి, సంచి మోచేతికి తగిలించి, చెంచా అందులో పడేసి, నిలబడితే ఎడమకాలు లేదు. కాలున్నచోట చీమల పుట్ట ఉంది. "మెల్లగా తల్లీ" అన్నాడు బాబాయ్. ఒకటి. రెండు. మూడు. అడుగడుక్కీ సూదులు, నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, పద్దెనిమిది, ఎగువ దేశం రైలు, ఇరవై, ఆ పిల్ల మొహం ఎలా పెడుతుందో, ఇరవై ఏడు, కారే కుళాయి, టప్, టప్, ముప్పై మూడు, మాట తప్పు పలికితే పలుకుతాను, బిడ్డ అనే మాట నాకు చెవితోనూ తెలుసు, ఒంటితోనూ తెలుసు, నలభై. నలభై ఒకటి. ఒకటి ఎక్కువొచ్చింది, కుంటుతూ నడిచింది కదా.

పెట్టె మీదే చీటీ పెట్టి రాసింది. కాగితం జారుతోంటే గడ్డంతో పాప వీపును, మోచేత్తో చీటీని అదిమి పట్టుకుని రాసింది. పెద్ద మాటలు ఒక్కటీ రాలేదు. 'చంకలో బిడ్డకు ఫోటో ఉండదు. తల్లిని దాటనిచ్చి బిడ్డను ఆపే మూడో అంశానికి మేము ఒప్పుకోము. తీరం లేని దేశం.' మేము అని రాసుకున్నాక చూసుకుంది. మేమే. తను, సైరన్, చెంచా పట్టుకున్న ఆ ముసలమ్మ. పది యాభై ఆరు. చీటీని చిల్లులో పెట్టి వదిలింది. లోపల ఎంత మెల్లగా పడిందంటే, పడిందో లేదో అనుమానమొచ్చి వంగి చూడబోయింది, వంగితే సంచి ఒరిగింది, ఒరిగితే చెంచా జారింది, జారి ఆ తుడిచిన నున్నటి నేల మీద, చీమ చిటుక్కుమన్నా వినబడే ఆ వరండాలో, టంగుమంది. టంగు టంగు టంగుమంటూ గోడ దాకా దొర్లింది. పాప కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది. ఊపిరి పీల్చుకుంది, పీల్చుకుంది, ఇంకా పీల్చుకుంది.

సైరన్ మోగింది. మూడో అంతస్తులో ఎవరో కిటికీ తెరిచారు. సమావేశం గది తలుపు తెరుచుకుంది, మేడం, మేడం వెనక పది దేశాలు ఒకదాని భుజం మీంచి ఒకటి. మేడం పెట్టె తెరిచి, చీటీ తీసి, కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు. ఎగువ దేశం, "అక్కా! తలూపావు కదా!" అంది. "ఊపాను. తప్పయింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను" అంది ఆమె, సైరన్ మీదుగా వినబడాలి కాబట్టి గట్టిగానే అంది, ఎంత గట్టిగానంటే ద్వీపం ఒకడుగు వెనక్కి వేశాడు. ఎవరో ముసాయిదా తిరగేశారు. "నిజమేరా, చంటిపిల్లల సంగతి ఎవరం రాయలేదు." "నువ్వు రేవు దేశానివి కదా, నీ కాపలావాళ్ళు ఆపుతారా?" "కాగితంలో ఉంటే ఆపరా మరి!" "అయితే రాయి." "ఏమని రాయాలి?" ఎగువ దేశం గడియారం చూసుకుంది, పాపను చూసింది, మూడో అంశం మీద వేలు పెట్టింది. "ఇది నేను రాసిందే" అంది, రేడియో గొంతు పోయి మామూలు పిల్ల గొంతుతో. "ఒంటిగంటకి నా రైలు. తొందరగా మాట్లాడక్కా, ఇద్దరం కలిసి దిద్దుదాం." మేడం తలుపు పక్కకు జరిగి దారి ఇచ్చారు. "మౌనం చెదిరింది," అని, పాప వైపు చూసి, "సందేహానికి తావు లేకుండా" అన్నారు, ఈసారి మినిట్స్‌లో పట్టనంత నవ్వుతో. "తీరం లేని దేశం, ఇప్పుడు మాట్లాడే వంతు మీది."

బాబాయ్ చేతులు చాచి పాపను తీసుకున్నాడు. పాప తాళాలగుత్తి చూసి, ఏడుపు మధ్యలో ఒక్క క్షణం ఆగి, చెయ్యి వేసి, మళ్ళీ రాగం అందుకుంది. ఆమె చెంచా తీసి పాప చేతికిచ్చింది, కొంగుతో మొహం తుడుచుకుంది, తిమ్మిరి కాలు నేలకేసి రెండుసార్లు కొట్టి, లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. మొదటి వాక్యం మొదలుపెట్టింది కూడా, వరండాలోకి వినబడుతోంది.

ఆమె అక్కడ నిలబడి ఉన్న ఈ కాసేపట్లో మీరు ఆ రెండో అంతస్తు వైపు వెళ్తే, చిన్న సాయం. బెంచీ మీద బాబాయ్ దగ్గర పద్నాలుగు నెలల పాప ఉంటుంది. ఏడుస్తుంటే ఏమీ చెయ్యనక్కర్లేదు, పలకరించి వచ్చెయ్యండి. చెంచా మోగిస్తుంటే మరీ మంచిది. కానీ ఉలుకూ పలుకూ లేకుండా ఉందా, దయచేసి ఆగి, దగ్గరికెళ్ళి, నోట్లో ఏముందో ఒక్కసారి చూడండి.